కార్డు మీద రాసిన తేదీ

గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో సవరణ వచ్చింది. ఆ మరుసటి ఏడాది జూన్‌లో ఈ సంగతి జరిగింది. అప్పటికి నేను విజయవాడలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగానికి అధిపతిని. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. నా యూనిట్‌కు సోమ, శుక్రవారాల్లో ఓపీ ఉండేది. ఒక సోమవారం పామర్రు దగ్గరి పల్లె నుంచి ఒకామె తన కోడలిని తీసుకుని వచ్చింది. కోడలికి ఇరవై ఆరేళ్లు, ఇంట్లో నాలుగేళ్ల కూతురు, కడుపులో రెండో బిడ్డ. ఐదు వారాల కిందట భర్త రొయ్యల చెరువులో నీళ్లకు గాలి పట్టించే, ఎర్త్ తీగ లేని మోటారు ముట్టుకుని, షాక్ కొట్టి చనిపోయాడు. రోగి పేరు బయటపెట్టడం నేరం. అందుకని ఆమెను ఇక్కడ కల్యాణి అంటాను.

అత్తగారు స్కానింగ్ చేయించడానికి తీసుకొచ్చింది. పరీక్ష బల్ల మీద పడుకున్నాక, తెర అవతల అత్తగారు కూర్చుని ఉండగా, కల్యాణి నా చేయి పట్టుకుని గొంతు తగ్గించి చెప్పింది. "నాకు ఈ గర్భం వద్దు మేడమ్. ఒక్క పిల్ల చాలు. దాన్ని తీసుకుని మైలవరం మా అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలి. ఇది పుడితే నన్ను గడప దాటనివ్వరు."

పెళ్లికి ముందు ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి గన్నవరంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేసింది. మళ్లీ ఆ పనిలో చేరాలని ఆమె ఉద్దేశం. అత్తింటివారి ఉద్దేశం వేరు. మగపిల్లవాడు పుడితే పోయిన కొడుకు తిరిగొచ్చినట్టని వాళ్లు అనుకుంటున్నారు.

చట్టం ఏం చెబుతుందో ఇక్కడ చెప్పాలి. ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య, నిబంధనల్లో పేర్కొన్న కొందరు స్త్రీలకు మాత్రమే, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేయవచ్చు. గర్భంతో ఉండగా భర్త పోయిన స్త్రీ ఆ కొందరిలో ఉంది. ఆమె మేజరయితే ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. భర్తదీ అత్తమామలదీ అక్కర్లేదు. ఇరవై నాలుగు దాటితే, తల్లి ప్రాణానికి ముప్పు ఉంటేనో, పిండంలో తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తేనో తప్ప మా చేతుల్లో ఏమీ ఉండదు. మిగిలిన దారి హైకోర్టు. ఈ వారాలను బిడ్డ కడుపులో పడిన రోజు నుంచి లెక్కపెట్టరు. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు. చదువుకున్నవాళ్లలోనూ చాలామందికి ఇది తెలియదు.

కల్యాణి తల్లీబిడ్డల కార్డు మీద ఆ తేదీ ఉంది. దాని ప్రకారం ఆ సోమవారానికి ఇరవై నాలుగు వారాల నాలుగు రోజులు. అంటే గడువు నాలుగు రోజులు దాటింది. స్కానింగ్‌లో ఇరవై మూడు వారాల ఒక రోజు అని వచ్చింది. అయితే ఆ దశలో స్కానింగ్ లెక్క రెండు వారాలు అటూ ఇటూ కావచ్చు. అంతకు లోబడిన తేడా ఉంటే నెలసరి తేదీనే నమ్మాలన్నది మా పద్ధతి. మూడో నెలలోపు స్కానింగ్ చేసి ఉంటే కచ్చితంగా తెలిసేది. మూడు నెలలు నిండేదాకా గర్భం సంగతి బయట పొక్కేలా ఆసుపత్రికి పంపకూడదని ఆ ఇంట్లో ఆనవాయితీ. ఆ తర్వాత పంపుదామనుకునేలోగా భర్త చనిపోయాడు. భర్త పోయిన మనిషి నెల దాటేదాకా వాకిలి దాటకూడదన్నది ఇంకో ఆనవాయితీ. ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావని ఇలాంటి స్త్రీలను నిలదీసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆలస్యం చేయించినవాళ్లను నిలదీసిన మనిషిని మాత్రం చూడలేదు.

గడువు దాటిందని, హైకోర్టుకు వెళ్లాలని నేనూ మెల్లగా చెప్పాను.

"కార్డులో తేదీ తప్పయితే మేడమ్?" అంది కల్యాణి.

ఎవరు చెప్పగా రాశారని అడిగాను. ఆమె కళ్లతోనే తెర వైపు చూపించింది. రక్తం బాగా తక్కువగా ఉంది. ఆ కారణం రాసి వార్డులో చేర్చుకున్నాను. ఆ కారణం నిజమే. అత్తగారు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

మంగళవారం ఉదయం తలుపు వేసి అడిగితే అసలు విషయం చెప్పింది. ఆ ఏడాది మొదట్లో వాళ్లు కొత్తిల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి పెట్టిన ముహూర్తం దాటితే మూఢం వస్తుంది, నెలల తరబడి ఆగాలి. దంపతులు పీటల మీద కూర్చుని వ్రతం చేయాలి. అప్పుడు కల్యాణి మైలవరంలో పుట్టింట్లో ఉంది. అత్తగారు ఫోన్ చేసి, ముహూర్తానికి అడ్డం ఏమీ రాదుగా అని అడిగింది. నెలసరి రేపో మాపో అన్నట్టుంది. తన వల్ల ముహూర్తం తప్పిందంటే ఏళ్ల తరబడి దెప్పుతారని భయపడి, "వచ్చి వెళ్లిపోయింది అత్తయ్యా" అని ఒక తేదీ చెప్పింది. అత్తగారు ఆ తేదీకి గోడ మీది క్యాలెండర్‌లో సున్నా చుట్టింది. ఆ తేదీకి సరిగ్గా పది రోజుల తర్వాత, గృహప్రవేశం రోజు తెల్లవారుజామున అసలు నెలసరి వచ్చింది. కల్యాణి ఎవరికీ చెప్పకుండా పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. తర్వాత గర్భం తెలిసి ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం కార్డు రాయడానికి ఇంటికొస్తే, జవాబు అత్తగారు చెప్పింది, క్యాలెండర్ చూసి.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మైలతో పీటల మీద కూర్చున్నానని తెలిస్తే, ఆయన పోయింది నా వల్లేనంటారు మేడమ్. కొత్తిల్లు కలిసిరాలేదని ఊరంతా ఇప్పటికే అంటున్నారు." మళ్లీ తనే, "నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తది," అంది.

ఆ మాట విన్నాక నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. స్త్రీ శరీరంలో ప్రతి నెలా జరిగే పనికి మైల అని పేరు పెట్టాం. ఆ పేరుకు భయపడి ఒక మనిషి అబద్ధమాడింది. ఆ అబద్ధం క్యాలెండర్ మీదికి, క్యాలెండర్ నుంచి ప్రభుత్వ కార్డు మీదికి ఎక్కి, చివరికి చట్టం ముందు సాక్ష్యంగా నిలబడింది. అయితే కోపంతో కేసు షీటు రాయలేం. ఆధారం కావాలి.

ఇద్దరు డాక్టర్లలో ఒకరు నేను. రెండో సంతకానికి నాతో ఏకీభవించేవాళ్లు ఆ అంతస్తులోనే ముగ్గురున్నారు. నేను మా అసిస్టెంట్ ప్రొఫెసర్ డాక్టర్ పద్మజను పిలిచాను. గడువును ఇరవై వారాల నుంచి ఇరవై నాలుగుకు పెంచడమే తప్పని వాదించే మనిషి ఆమె. మా భోజనాల గదిలో దీని మీద మాకు ఎన్నోసార్లు గొడవ జరిగింది. నా వాదం ఆమెను ఒప్పించగలిగితే కోర్టులోనూ నిలుస్తుంది. లేకపోతే లోపం నా వాదంలోనే ఉన్నట్టు.

పద్మజ అంతా విని, "ఆమెకు కావలసిన తేదీ, కావలసిన రోజునే గుర్తొచ్చింది మేడమ్," అంది. ఆ అనుమానం న్యాయమైనదే. ఆమెతో అదే అన్నాను.

తర్వాత తన అసలు అభ్యంతరం చెప్పింది. ఇరవై నాలుగు వారాలకు పుట్టిన బిడ్డను మన పిల్లల విభాగంలోనే ఇంక్యుబేటర్ పెట్టెలో పెట్టి బతికించారు, ఆ బిడ్డను నేను చేత్తో ఎత్తుకున్నాను, ఒక అంతస్తులో బతికించేదాన్ని ఇంకో అంతస్తులో ఎలా తీసేస్తామని అడిగింది. ఎక్కడో ఒకచోట గీత లేకపోతే డాక్టరు చేతికి హద్దేముంటుందని కూడా అంది. హద్దు ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ హద్దు దగ్గర నిలబడింది పిండం ఒక్కటే కాదు, తల్లి కూడా. తన బతుకు ఎటు పోవాలో తేల్చుకునే హక్కు ఇరవై నాలుగో వారం నిండగానే ఆమెకు లేకుండా పోదు. చట్టం ఒక రోజు దగ్గర ఆపేయమంటే ఆపేస్తాను, కాని ఆ రోజు ఏదో నిజంగా తేల్చకుండా ఆపనన్నాను. మా ఇద్దరిలో ఎవరూ రెండోవారిని మార్చలేదు. తేదీ ఒక్కటి తేలుద్దామని మాత్రం ఒప్పుకున్నాం.

దారి చూపింది కల్యాణే. ల్యాబ్‌లో పనిచేసిన మనిషి కదా. కార్డు రాయకముందే, క్యాలెండర్ లెక్కన నెల తప్పిందని అత్తగారు ఏఎన్ఎంను ఇంటికి పిలిపించి తనకు రెండుసార్లు మూత్ర పరీక్ష చేయించిందని, మొదటిసారి గర్భం లేదని వచ్చిందని గుర్తుచేసింది. "కార్డు తేదీ నిజమైతే ఆ మొదటిసారే రెండు గీతలు రావాలి కదండీ," అని పద్మజనే అడిగింది.

కల్యాణే ఏఎన్ఎంకు ఫోన్ చేసి, రిజిస్టర్‌లో తన వరుస ఫొటో తీసి పంపమంది. మధ్యాహ్నానికి వచ్చింది. కార్డు లెక్కలో ముప్పై ఎనిమిదో రోజున మొదటి పరీక్ష, నెగటివ్. పది రోజుల తర్వాత రెండోది, పాజిటివ్. ముప్పై ఎనిమిదో రోజుకు సాధారణంగా పాజిటివ్ రావాలి. కల్యాణి చెప్పిన తేదీ నుంచి లెక్కేస్తే ఆ రోజు ఇరవై ఎనిమిదోది. అప్పటికి రాకపోవడమే సహజం. ఒక్క పరీక్ష పొరపాటు కావచ్చు. స్కానింగ్ ఒక్కటే అయినా పొరపాటు కావచ్చు. గృహప్రవేశం తేదీ శుభలేఖ మీద అచ్చయి ఉంది, అది మారదు. ఆ తేదీతో పరీక్షలూ స్కానింగూ రెండూ కలుస్తున్నాయి, కార్డు తేదీతో రెండూ కలవడం లేదు. పద్మజ కాగితం మీద తనే మళ్లీ లెక్కవేసుకుంది.

"తేదీ ఒప్పుకుంటున్నాను. నిబంధన ప్రకారం ఆమెకు అర్హత ఉంది. అభిప్రాయ పత్రం మీద సంతకం పెడతాను," అంది. "గురువారం థియేటర్లో మాత్రం నన్ను వెయ్యకండి మేడమ్."

వెయ్యనన్నాను. చేయలేని పనిని చేయలేనని చెప్పి, నిజాన్ని మాత్రం నిజమని రాసిన ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. వచ్చే ఆదివారానికి ఇరవై నాలుగు వారాలు నిండుతాయి.

ఇంకొకటి మిగిలింది. తేదీ ఎందుకు మారిందో కల్యాణి తన చేతిరాతతో కేసు షీటులో రాయాలి. ఆ కాగితం మేము ఎవరికీ చూపించం. కాని అత్తింటివాళ్లు కోర్టుకు వెళితే అది అక్కడ బయటపడవచ్చు. ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఆమె బుధవారం పొద్దుటిదాకా ఆలోచించుకుని, ఒక పేజీ నిండా రాసి ఇచ్చింది. ఎక్కడా కొట్టివేత లేదు.

గురువారం పొద్దున్నే అత్తగారు వచ్చింది. అంతకు ముందు రాత్రి కల్యాణి ఫోన్‌లో తన నిర్ణయం చెప్పేసిందట. అత్తగారు కోడలి కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మా చెల్లెలి కొడుకు లాయరండీ. ఇరవై నాలుగు దాటాక చెయ్యకూడదంట. కార్డు చూసి లెక్కేశాడు. ఇంత చదువు చదివారు, వారాలు లెక్కెయ్యటం రాదా అండీ మీకు?"

రోగి వివరాలు ఎవరికీ చెప్పకూడదని చట్టం ఉందన్నాను. లెక్క సరిగ్గానే వేశామని, అంతకు మించి మాట్లాడలేనని చెప్పాను.

"అది మా వాడి గుర్తండీ. నాకింకేం మిగిలింది చెప్పండి," అంది. ఆ గొంతులో దబాయింపు లేదు. కొడుకు పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను.

కల్యాణి వార్డు గౌనులో గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"లెక్క తప్పు డాక్టరుగారిది కాదు అత్తయ్యా. నేను మీకు తప్పుడు తేదీ చెప్పాను. గృహప్రవేశం రోజునే నాకు నెలసరి వచ్చింది. చెప్పకుండా పీటల మీద కూర్చున్నాను."

అత్తగారు ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "అయితే నా కొడుకుని నువ్వే పొట్టనబెట్టుకున్నావన్నమాట," అంది.

నేను కల్పించుకున్నాను. "ఎర్త్ తీగ లేని మోటారు తీసిందండీ మీ అబ్బాయి ప్రాణం. ఆ చెరువు గట్టు మీద రేపు ఎవరు ముట్టుకున్నా అదే జరుగుతుంది. ముందు ఆ తీగ వేయించండి," అన్నాను. కొడుకు పోయిన తల్లితో అనవలసిన మాట కాదని ఆ తర్వాత పద్మజ నాతో అంది. కావచ్చు. కాని ఆ అబద్ధాన్ని ఆ గదిలో ఇంకొక్క నిమిషం ఉండనిస్తే కల్యాణి దాన్ని జీవితాంతం మోయవలసి వచ్చేది. ఇప్పటికీ ఆ మాటను వెనక్కి తీసుకోను.

కల్యాణి ఏడవలేదు. "మీరేమన్నా పడతాను. పాపను మాత్రం మా అమ్మ వచ్చి తీసుకెళ్తది," అని వెనక్కి తిరిగి వార్డులోకి వెళ్లింది. అత్తగారు కార్డు తీసుకుని వెళ్లిపోయింది. వాళ్లు కోర్టుకు వెళ్లలేదు.

ఆ రోజు పని నేనే చేశాను. రికార్డులో ఇరవై మూడు వారాల నాలుగు రోజులు అని రాశాం. శనివారం డిశ్చార్జి చేశాం.

ఈ కేసు గడువు గురించిన నా అభిప్రాయాన్ని మార్చలేదు, పద్మజ అభిప్రాయాన్నీ మార్చలేదు. నా పని పద్ధతిని మాత్రం మార్చింది. ముప్పై ఏళ్లుగా నేను నెలసరి తేదీని అత్తగారో భర్తో వింటుండగానే అడిగాను, చెప్పింది రాసుకున్నాను. అలా రాసుకున్న తేదీల్లో ఎన్ని తప్పులున్నాయో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఆ జూన్ తర్వాత మా విభాగంలో తేదీని గర్భిణిని ఒంటరిగా కూర్చోబెట్టే అడిగాం. ఆమె చెప్పాక, ఇది అసలు తేదీయా, ఇంట్లో చెప్పిన తేదీయా అని రెండో ప్రశ్న వేయాలని కేసు షీటులో అచ్చు వేయించాను. వారాల మీద వాదించే ముందు ఈ ప్రశ్న అడగాలి.