కంప్యూటర్‌కు జోలె కుట్టిన రోజులు

ఆ కరోనా రోజుల్లో లోకమంతా ఇళ్లలో కూర్చుందని చెప్పుకుంటారు గానీ, మా ఆఫీసు కంప్యూటర్ మాత్రం తెగ తిరిగింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సూరత్‌లో, సచిన్ దగ్గర ఓ చీరల కార్ఖానాలో కంప్యూటర్ మీద అంచులూ కొంగులూ గీసే ఉద్యోగం. మా ఇల్లేమో ఊరికి ఆ చివర, తాపీ నది దాటాక అమ్రోలిలో. కార్ఖానా మూసినప్పుడల్లా యజమాని శేఠ్ కంప్యూటర్ ఇంటికి తీసుకెళ్లమనేవాడు, తెరిచినప్పుడల్లా తీసుకురమ్మనేవాడు. (తెరలు రెండు చోట్లా ఉన్నాయి, మోయాల్సింది పెట్టెనే. దానికి కాళ్లు లేవన్న సంగతి ఆయన గమనించినట్టు లేదు.) మొదటిసారి మా నాన్న, అదే బాపు, బండి వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకుని తెస్తే, గుంతల్లో ఎగిరెగిరి హార్డ్ డిస్క్ పోయింది. దాంతోపాటే ఆర్నెల్ల డిజైన్లూ పోయాయి. మరోసారి ఇలా జరిగితే పనిలోకి రానక్కర్లేదని శేఠ్ తేల్చి చెప్పాడు.

అప్పుడు నాలోని ఇంజనీరు నిద్ర లేచింది. (ఇంటర్ ఫిజిక్సు రెండుసార్లు తప్పిన ఇంజనీరు.) ముందు పీటకు చక్రాలు బిగించి, ఇటుకలు పేర్చి పరీక్షించాను. అది బిల్డింగ్ ముందున్న వాలు మీద జారి, కూరలు తెస్తున్న పై వాటా ఆంటీని గేటు దాకా తరిమింది. మర్నాడు అదే ఆంటీ మనవణ్ణి గుడ్డతో గుండెకు కట్టుకుని తిరుగుతుంటే చూశాను. ఇంకేం, దారి దొరికింది! బాపు తను పనిచేసే మగ్గాల కార్ఖానా నుంచి పాత బెల్టు తెచ్చాడు. జోలె కుట్టడానికి బొంత కోయబోతే అమ్మ అడ్డం పడింది.

"కంప్యూటర్‌కు బొంతేందే, దానికేమన్న సలివెడ్తదా?"

"జర ఊకో, పిల్ల దిమాక్ పెట్టింది," అన్నాడు బాపు గర్వంగా.

కార్ఖానా తెరిచిన రోజు పెట్టెను బొంతలో చుట్టి, జోలెలో గుండెకు కట్టుకుని బండెక్కాను. తాపీ వంతెన మీద ఓ పోలీసు మేడమ్ ఆపింది. ఇంత చిన్న బిడ్డతో బయటికొస్తారా అని హిందీలో గద్దించింది. హెల్మెట్లో ఉన్న బాపుకు సగమే వినబడింది.

"దో సాల్ కా హై మేడమ్," అన్నాడు వినయంగా. "బహుత్ గరమ్ హోతా."

రెండేళ్లవాడు, ఒళ్లు కాలిపోతోంది! మేడమ్ మూడడుగులు వెనక్కి దూకి, జ్వరం చూసే మిషన్ తెమ్మని కేకేసింది.

"బుఖార్ నహీ మేడమ్, అందర్ కా పంఖా ఖరాబ్," అని, జ్వరం కాదు లోపలి ఫ్యానే పాడైందంటూ బాపు ధైర్యం చెప్పాడు.

నవ్వు ఆపుకోలేక గబగబా బొంత విప్పి చూపించాను. ఆమె నల్లటి పెట్టెను చూసింది, నన్ను చూసింది, మాస్కు ముక్కు మీంచి జారేదాకా నవ్వింది. కుట్టిందెవరన్నట్టు బెల్టు లాగి చూసి మరీ పంపింది.

కార్ఖానాలో శేఠ్ నా నెత్తిన నిలబడి ఉండగా బటన్ నొక్కాను. కాసేపు చప్పుడు లేదు. బాపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఒక్కో కొంగూ, ఒక్కో అంచూ తెర మీద మెరిసింది. శేఠ్ అలాంటి జోలెలే ఇంకో నాలుగు కుట్టి తెమ్మన్నాడంతే. ఆ చలికాలం మా ఇంట్లో కప్పుకోను ఒక్క బొంత మిగల్లేదు.

ఇప్పుడు గదిలో బల్ల జరపాలన్నా నడుం నొప్పి గుర్తొచ్చి, ఇద్దర్ని పిలుస్తాను. వాళ్లొచ్చేదాకా, పెట్టెను గుండెకు కట్టుకుని తాపీ దాటిన ఆ పిల్ల మీద కాస్త అసూయపడుతూ కూర్చుంటాను.