ప్రమోద టీచర్ గేటుకు కట్టిన చేప

ప్రమోద టీచరుకూ జెట్టీ కాలనీకీ పడదు. ఆస్టినాబాద్‌లో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. ఇరవై మూడేళ్ళుగా ఆవిడ మా పక్క బడిలో సోషల్ చెబుతోంది. చెప్పడం అనకూడదు, పిల్లల బుర్రల్లోకి దిగ్గొడుతుంది. పోర్ట్‌బ్లెయిర్ ఏ అక్షాంశం మీద ఉందో, ఏ రేఖాంశం మీద ఉందో చెప్పేదాకా నిలబెడుతుంది. కూర్చుని చెబితే ఒప్పుకోదు. ముందు అక్షాంశం, తరవాతే రేఖాంశం. తారుమారైతే మళ్ళీ మొదటికి. కాలనీ వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వచ్చి చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. సముద్రం గురించి తమ పిల్లలకు ఈవిడ నేర్పడమేమిటని వాళ్ళ కోపం.

నేను టీచరు ఇంటి గోడకు ఇవతల ఉంటాను. పేరు వాసుదేవ్. చాతం రేవు దగ్గర ఫెర్రీ టికెట్లు చింపే ఉద్యోగం. నా గురించి ఇంతకన్నా చెబితే నాకే నష్టం. అయినా చెప్పక తప్పదు, ముందుంది.

ఆ మంగళవారం కాళమ్మ బడి మీదికి వచ్చింది. బజారులో చేపలమ్మే మనిషి. గొంతెత్తితే పడవలు వెనక్కి తిరుగుతాయి. ఆవిడ మనవరాలు లహరి ఏడో తరగతి. రేఖాంశం రాలేదని పీరియడంతా వరండాలో నిలబడింది, ఎండ మీద పడుతున్నా టీచరు చూసుకోలేదు.

"ఏటి పంతులమ్మా, నా మనవరాలు ఎండుచేపనుకున్నావా, ఎండలో పెట్టీసినావు?" అంది కాళమ్మ.

"రెండు అంకెలు నోటికి రాని పిల్ల ఎండితే ఏం, నానితే ఏం" అంది టీచరు.

"నీ అంకెల్తో మా కాలనీలో ఎవుడు బాగుపడ్డాడు? ఒక్కణ్ణి సూపించు. ఒక్కణ్ణి."

టీచరు నోరు తెరిచింది. పేరు రాలేదు. కిటికీల దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆ సాయంత్రమే ముందస్తు రిటైర్మెంటుకు కాయితం రాసి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది. సోమవారం ఆఫీసుకు పంపుతానన్నాడాయన. "ఇరవై మూడేళ్ళు, భయ్యా" అంది గోడ మీంచి నాతో. "ఒక్కడి పేరు నోటికి రాలేదు." ఏదో ఒక పేరు చెప్పెయ్యాల్సింది దీదీ, అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకు నేను లోపలికి వెళ్ళిపోయాను.

గురువారం పొద్దున్నే కేక వినబడి వెళ్ళాను. టీచరు గేటుకు ఎర్రదారంతో ఒక చేప కట్టి ఉంది. ఒళ్ళంతా పసుపు. తల ఇంటి వైపు. తల్లి పోయినప్పటినుంచీ కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి ఆవిడ.

"చేతబడి" అంది టీచరు, గుమ్మం దిగకుండానే. "కాళమ్మే చేయించింది."

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కోనాం. బజారులో సుర్మయి అంటారే, అదే. కిలోన్నరకు తక్కువుండదు. కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి.

"ఇలాంటివి మీరు ముట్టుకోకూడదు దీదీ" అన్నాను. "నేను సముద్రంలో వదిలేసి వస్తాను."

సముద్రానికి వెళ్ళే దారిలో మా వంటిల్లు ఉంది. మా ఆవిడ సాయిలక్ష్మి పసుపు చూసి, "పూసే ఇచ్చారా, నయమే" అని చింతపండు నానబెట్టింది.

శుక్రవారం ఇంకో చేప. "గట్టిగానే చేయిస్తున్నారు దీదీ" అని తల ఊపి, అదీ పట్టుకొచ్చాను. టీచరు ముఖం పాలిపోయింది. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. పులుసు అయిపోయాక.

శనివారం మూడోది పొయ్యి మీద ఉండగా కాళమ్మ మా సందులోకి వచ్చింది, వెనక కొడుకు నాగబాబు. టీచరు గేటు వైపు వెళ్ళబోయి, మా కిటికీ దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది.

"పంతులమ్మ గేటుకి కట్టిన కోనాం ఈ ఇంట్లో ఉడుకుతాందేటి?"

సాయిలక్ష్మి చటుక్కున మూత పెట్టింది. మూత వల్ల లాభమేమీ లేకపోయింది.

టీచరు బయటికి వచ్చింది. "చేతబడి చేయించింది చాలక చూడ్డానికి కూడా వచ్చావా?"

"సేతబడా?" కాళమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "సముద్రం మా ఇంటి మడిసిని తిరిగిచ్చిందంటే, దానికి కారణమైనోళ్ళ గేటుకి మూడు పొద్దులు పసుపు రాసి మొదటి సేప కడతాం. కట్టినప్పుడు నోరిప్పం. మూడోది కట్టాకే మాట. మా అత్తోరింటి ఆనవాయితీ. ఇంత సదువుకున్నావు, అడగలేకపోయావా?"

"ఎవర్ని తిరిగిచ్చింది?"

కాళమ్మ వెనకనుంచే నాగబాబు అందుకున్నాడు. ముప్పై దాటినవాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బుధవారం నడి సముద్రంలో ఇంజన్ పోయింది, టీచర్. రేడియో సెట్టులో బ్యాటరీ అయిపోతోంది. ఒక్కసారే చెప్పగలను. జీపీఎస్‌లో అంకెలు కనబడుతున్నాయి, భయానికి నోరు పెగల్లేదు. అప్పుడు లేచి నిలబడ్డాను."

"పడవలోనా?"

"కూర్చుని చెబితే మీరు ఒప్పుకోరు కదా. నిలబడేసరికి వరసగా వచ్చేసింది. ముందు అక్షాంశం, తరవాత రేఖాంశం. సెట్టు ఆగిపోయింది. చీకటి పడకముందే కోస్టుగార్డు వాళ్ళు సరిగ్గా నా దగ్గరికే వచ్చారు."

టీచరు కళ్ళు చిట్లించింది. "చివరి బెంచీ నాగబాబువి కదూ? ఎప్పుడూ రేఖాంశం ముందు చెప్పేవాడివి."

"మొన్న చెప్పలేదు, టీచర్."

మూత కింద మా పులుసు కుతకుతమంటోంది.

"మంగళవారం ఒక్కణ్ణి చూపించమన్నావు" అంది టీచరు. "వెనక్కి తిరిగి చూడు."

కాళమ్మ తిరగలేదు. "ఈడా? ఈడు ఎనిమిదిలో తప్పాడు."

"బతికాడు కదా."

కాళమ్మ పమిటతో ముక్కు తుడుచుకుంది. అంతమాత్రాన మెత్తబడిందనుకోకండి. "మంగళారం తిట్టిన తిట్లు ఎనక్కి తీసుకోను. అవి లహరి కోసం. సేపలు ఈడి కోసం. రెండూ కలపకు."

"ఇప్పుడు కలిపినా ఒకటే. ఉద్యోగం వదిలేస్తున్నానని కాయితం ఇచ్చేశాను."

"ఒగ్గీసి పోతావా?" కాళమ్మ గొంతు మళ్ళీ లేచింది. "నా మనవరాలికి రెండో అంకె ఇంకా రాలేదు. సగం నేర్పి పోడానికి నువ్వేం పంతులమ్మవి? రేపు దాని ఇంజన్ పోతే ఎవుల్ని అడగాలి?"

టీచరు గుమ్మంలోంచి లోపలి అట్టపెట్టెల వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"వాసుదేవ్ భయ్యా, ప్రిన్సిపాల్ గారి ఇల్లు తెలుసు కదా. నా కాయితం అడిగి పట్టుకురండి."

"నేనా?"

"మూడు సేపలు మింగిందెవుడు?" అంది కాళమ్మ.

వెళ్ళాను. ప్రిన్సిపాల్ కాయితం ఇవ్వడానికి ముందు, మీరు టీచరుకు ఏమవుతారని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక, పక్కింట్లో పులుసు తిన్నవాణ్ణి అన్నాను.

సోమవారం లహరి మళ్ళీ నిలబడింది. రెండో అంకె కూడా చెప్పింది, ఈసారి నీడలో. టీచరు పెట్టెలు విప్పుకుంది. ఇప్పటికీ కాలనీ వాళ్ళు ఆవిడకు నమస్తే పెట్టరు, ఆవిడా వాళ్ళను పలకరించదు. కాకపోతే తుఫాను కబురొచ్చిన రోజు కాలనీ మొగవాళ్ళు ఇద్దరు ముగ్గురు బడి కిటికీ బయట, బీడీలు ఆర్పేసి, నిలబడి వింటుంటారు.

కాళమ్మ నాకు మాత్రం చేపలమ్మడం మానేసింది.