కురుమయ్య కోసిన యాట

కురుమయ్యకు ఒక్కటే పిచ్చి: మాంసం వేయకుండా మాంసం పులుసు కాయడం. అదీ, రెండొందల గొర్రెలు కాసే జీతగాడికి! అందులో ఒక్కటీ తనది కాదనుకోండి.

హాలియా దగ్గర సాగర్ కాలువ తవ్వుతున్న రోజులవి. పంతులుగా వెళ్లి అతని పక్కింట్లో కిరాయికి దిగాను. మొదటి రోజు పొద్దున్నే అతను వంకాయను చెవికి ఆనించుకుని ఏదో వింటున్నాడు.

"ఏంటి కురుమయ్యా?"

"జర ఊకో సారు. గీ వంకాయల యాట ఉన్నది."

యాట అంటే అక్కడ కోతకు పెట్టిన మేకో, గొర్రో. ఆ యేడు అతనికి యాట కనబడని చోటు లేదు. బొబ్బర్లలో కనబడింది. నిప్పుల్లో కాల్చిన ఉల్లిగడ్డలో కనబడింది. ఎండుకొబ్బరి, గసగసాలు, లవంగాలు నూరుతుంటే రోట్లోంచి మందంతా నడిచొస్తున్నట్టు మొహం వెలిగేది. రోజుకో కుండ. రుచి చూసేది నేను.

"ఎట్లున్నది సారు?"

"పప్పులా ఉంది."

"కాళ్లు దొరికినయి, తలకాయ దొర్కలే" అని గొణుక్కుంటూ వెళ్లేవాడు.

తొలివాన మర్నాడు పుట్టల మీద పుట్టగొడుగులు, నేల కన్న కలల్లా తెల్లగా విచ్చుకున్నాయి. కురుమయ్య ఒడినిండా తెచ్చి, ఎర్రగా వేయించి, మసాలాలో వదిలాడు. పులుసు చిక్కబడుతుంటే వాడంతా బయటికొచ్చి "ఎవరింట్ల కోసిన్రు?" అని అడిగింది. నేను రుచి చూసి గిన్నె నాకేశాను.

"తలకాయ దొరికిందా సారు?"

"కొమ్ములతో సహా!"

అంతలో ఎదురింటి గుర్వమ్మ వచ్చింది. "అన్నా, కత్తి ఇయ్యి. వియ్యంకుడు మల్లప్ప వస్తాండు, మనుమని చూడ."

రోగమొచ్చి ఆమె మందంతా పోయింది. మిగిలింది ఒక్క మేక. కూతురికి పాలు పడక పసివాడు ఆ మేకపాలతోనే బతుకుతున్నాడు.

"పాలమేకను కోస్తవా చెల్లె?"

"వియ్యంకునికి యాట కొయ్యకుంటే నా బిడ్డ జన్మంత మాట పడ్తది."

కురుమయ్య కత్తి ఇవ్వలేదు. పొయ్యి మీది కుండ ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆ పూట గుర్వమ్మ ఇంట్లో మా ఇద్దరి పక్కన కూర్చుని, మల్లప్ప జొన్నగటుక మీద పులుసు పోసుకుని రెండు ముద్దలు మింగాడు. గిన్నెలో ఎముకల కోసం వేళ్లతో వెతికాడు.

"బొక్కలేవి?"

"లేత యాట బావా, కరిగినయి" అన్నాడు కురుమయ్య.

ఇంటెనక నుంచి మేక గట్టిగా అరిచింది. మల్లప్ప చెయ్యి ఆగింది.

"కోసిన యాట అరుస్తాందేంది?"

"గది దాని చెల్లె బావా. అక్క కోసం ఏడుస్తాంది."

మల్లప్ప లేచి పెరట్లోకి నడిచాడు. గరిటె వదిలేసి గుర్వమ్మ, ఆమె వెనక మేము పరుగెత్తాం. అక్కడ ఆమె కూతురు మేకపాలలో దూది వత్తి ముంచి పసివాడి నోట్లో పెడుతోంది. వాడు కళ్లు మూసుకుని చప్పరిస్తున్నాడు. మల్లప్ప వాణ్ణీ, పక్కన కట్టేసిన మేకనూ చూశాడు. తిరిగొచ్చి గిన్నె ముందుకు జరిపాడు.

"వదినా, ఇంకింత పొయ్యి. నా మనుమని పాలమేకను కోసి పెడ్తే నీ ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టకపోదును."

గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకప్పుడు తట్టింది: నేను ఊళ్లో దిగిన వారమే ఆమె మందలో ఒక్క మేక మిగిలింది; కురుమయ్యకు ఈ పిచ్చి పట్టిందీ ఆ వారమే.

చెప్పులేసుకుంటూ మల్లప్ప కురుమయ్య చెవి దగ్గర వంగాడు.

"బావా, నాకు గూడ ఇద్దరు బిడ్డలు, ఇద్దరు వియ్యంకులు. గీ యాటను ఎట్ల కోస్తరో జర చెప్పరాదు?"