తడి ముడి

మొన్న మా యాడికి ఊరి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, పేపరు చదువుతున్న మా చిన్నాయన కొడుకు, సరుకులు మోసే మిలిటరీ విమానాల వెనక తలుపులోంచి క్షిపణులు జారవిడుస్తున్నారట, ఎంత తెలివి పుట్టిందో చూడన్నా అన్నాడు. నేను టీ సగంలో వదిలేసి లేచి వచ్చేసినాను. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. చెప్పులు అరుగుతాయి, కాస్త కూర్చోమని మా ఇంటామె పోరు.

ఆ తెలివి మాకు యాభై ఏళ్ల కిందటే పుట్టింది. తెలివి అనేకంటే గతిలేనితనం అనడం న్యాయం. యుద్ధమొచ్చింది, బాంబులు వేసే విమానాలు చాలలేదు, కొండల మీది జవాన్లకు బియ్యం, కంబళ్లు మోసే మా లావుపాటి విమానాన్ని కూడా పంపాలన్నారు. వైమానిక దళంలో చేరినానన్న మాటే గాని నేను గాల్లో ఉన్నది తక్కువ, నేల మీద స్పానర్లు తుడిచింది ఎక్కువ. విమానం లోపల రోలర్లు బిగించి, వాటి మీద చెక్క తొట్లలో బాంబులు పెట్టి, వెనక తలుపు తెరిచి మనుషులే చేతులతో తోసేసే ఏర్పాటు చేసినాము.

చివరి తొట్టికి గొలుసు చాలక మోకుతో కట్టమన్నారు, ఆ పని నాకు పడింది. మా నాయన బండి మీద శనక్కాయల మూటలు కట్టినాక ముడి మీద చెంబెడు నీళ్లు పోసేవాడు. తడిసిన మోకు బిగుసుకుని, గుంతకల్లు దాకా ఎన్ని గుంతలొచ్చినా మూట కదిలేది కాదు. ఆ అలవాటున నేనూ నీళ్లు పోసి, నా పనితనానికి మురిసి, ముడిని రెండుసార్లు తట్టినాను కూడా.

పొద్దు పొడవకముందే విమానం లేచిపోయింది. అందులో బాంబులు తోసేవాళ్లలో కదిరి పక్కనుంచి వచ్చిన అన్న ఒకడు ఉన్నాడు, సార్జెంటు, ఆ స్థావరంలో నన్ను మన యాసలో తిట్టే ఏకైక మనిషి. కాసేపటికి ఎవరో, అంత పైన తలుపు తీస్తే నీళ్లు కూడా గడ్డకడతాయి అంటే, నేను తడిపిన ముడి గుర్తొచ్చింది. మా సీమలో నీళ్లు గడ్డకట్టడం దేవుడెరుగు, నీళ్లుండడమే గొప్ప, నాకెట్లా తోస్తుంది! ముడి గడ్డకట్టి ఊడి రాకపోతే బాంబుతోనే దిగాలి, దిగేటప్పటి కుదుపుకు ఏమైనా కావచ్చు. అప్పుడే చెప్పి ఉంటే రేడియోలో హెచ్చరించేవాళ్లేమో. భయపడి చెప్పలేదు, రన్‌వే అంచున అటూ ఇటూ తిరిగినాను, అంతే.

విమానం చాలా ఆలస్యంగా దిగింది. అన్న అరచేతికి గుడ్డ చుట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చినాడు.

“ఏమప్పా, ముడేసినావా, మంచుగడ్డ పెట్టినావా? మోకుతో పాటు నా చెయ్యీ కోసుకుంటి కదరా!”

బాంబు ఏమైందన్నా అంటే, “పడింది లే, చెప్పిన చోటు దాటినాక, యాడనో,” అని, ఎవరికీ చెప్పొద్దని కన్నుగీటి టీకి పోయినాడు. అన్న బతికొచ్చినాడన్న సంబరంలో నేను నవ్వినాను.

ఆ పడిన చోటు బీడో, చేనో, ఊరో అన్న ఆలోచన నాకు చానా ఏళ్లకు గాని రాలేదు. వచ్చినాక కూడా, కదిరి తిరునాళ్లకు పోయి అన్న పక్కనే కూర్చుని, పంటల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. ఇప్పుడు బాంబు ఎక్కడ పడిందో పైనుంచే బొమ్మ తీసి చూపిస్తారట. మా కాలంలో అది ఒక్క మనిషి కంట్లోనే ఉండేది. పోయినేడు అన్న పోయినాడు. నాకు అడిగే ధైర్యం మొన్న మొన్ననే వచ్చింది.