డోరీన్ పీకేసిన చెక్కముక్క

లీడ్స్ నగరంలో మా ఫ్లాట్ల బ్లాకు ఆరో అంతస్తు మెట్ల దగ్గర, అదే అంతస్తులో ఉండే డోరీన్ సగ్డెన్ కంటపడకుండా చెప్పుల జత కూడా పెట్టలేం. పిల్లల బండి కనబడితే ఆ ఇంటి తలుపు కొట్టి మరీ చీవాట్లు పెట్టేది. "మంటలొచ్చి పొగ కమ్మినప్పుడు దీనికి కాలు తగిలి ఒకళ్ల మీద ఒకళ్లు పడి చస్తారు," అనేది. ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది.

తన పక్క ఫ్లాటులో ఒంటరిగా ఉండే ముసలాయన క్లిఫర్డ్ హర్స్ట్‌తో ఆమెకు రోజూ గొడవే. ఒక ఇంట్లో నిప్పంటుకుంటే పక్కింటికి పాకకూడదని మా తలుపులన్నీ వాటంతటవే మూసుకునేలా బిగించారు. ఆయనేమో తన తలుపు కింద చెక్కముక్క దోపి, బార్లా తెరిచి ఉంచేవాడు.

ఒక ఉదయం నేను లిఫ్ట్ కోసం నిలబడి ఉండగా డోరీన్ ఆ ముక్క పీకేసి, తలుపును చేత్తో ఆపి పట్టుకుంది.

"ఏమయ్యా, నువ్వు చిప్స్ వేయించే నూనె మూకుడు అంటుకుంటే పొగంతా నడవలోకేగా. మేమెటు పోవాలి?"

క్లిఫర్డ్ కుర్చీలోంచి లేవలేదు. "పోయిన చలికాలం స్నానాల గదిలో పడ్డాను డోరీన్. అప్పుడు తలుపు మూసే ఉంది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అరిచినా ఎవరికీ వినబడలేదు."

డోరీన్ ముక్కను కోటు జేబులో వేసుకుని, లోపలికి అడుగుపెట్టి, తలుపు వదిలేసింది. అది మెల్లగా మూసుకుంటుంటే ఆమె గొంతు వినబడింది.

"తలుపు మూసే ఉండాలి. రేపట్నుంచి నా పొద్దుటి టీ ఇక్కడే. ఇంట్లో పాలున్నాయా, లేవా?"