నర్సమ్మ కాపాడిన ఊపిరి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, ఒకప్పుడు మా బయ్యారం దవాఖానలో పనిచేసిన నర్సమ్మ జనగామలో పోయిందని. నేను ఎవరి ముందూ తల వంచే మనిషిని కాను. ఆమె ముందు వంచాను. ఎందుకో చెప్తాను.

తెలంగాణ కొట్లాట రోజులు. బయ్యారం దగ్గర మా చేనులో గడ్డి మందు కొడుతుంటే పంపు నాజిల్ మూసుకుపోయింది. విప్పి, నోట్లో పెట్టుకుని ఊదాను. అందరం అట్లనే చేసేవాళ్ళం. రెండో రోజుకు నాలుక పుండయింది. నాలుగో రోజుకు ఆయాసం.

దవాఖానలో నర్సమ్మ ఒకటే అడిగింది, మందు నోట్లోకి పోయిందా అని. పోలేదన్నాను. ఇన్నేళ్ళ సేద్యగాడికి పంపు కొట్టడం రాదనుకుంటుందని నామోషీ. ఆమె నా అరచేతి మీది పాత కొడవలి మచ్చను వేలితో నొక్కింది.

"అన్నా, గీ మచ్చ సాగుతదా? సాగదు. ఊపిరితిత్తులల్ల గాలి సంచులుంటయి. వాటి గోడ ఒక్క కణం మందం. మందు రక్తంల కలిసి ఆ కణాలను కాలుస్తది. మాన్పనీకి వేరే కణాలొచ్చి పీచు అల్లుతయి. మానినంక గూడ ఆగయి, అల్లుతనే ఉంటయి. గోడ మొత్తం గీ మచ్చ లెక్క గట్టిపడ్డంక గాలి ఎటు పోవాలె? నిజం చెప్పు, తిట్లు తర్వాత తిందువు."

చెప్పాను. డాక్టరు వెంటనే వరంగల్ పంపమన్నారు. ఆ రోజే రాస్తారోకో. మహబూబాబాద్ దగ్గర రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నది మావాళ్ళే. నాతో వచ్చిన నర్సమ్మ ఆటో దిగి వాళ్ళ దాకా నడిచింది.

"తెలంగాణ వచ్చేదాక ఈయన ఊపిరి ఉండాలె గద. జరుగున్రి."

జరిగారు. ఒకాయన వంకాయ కూర తిని పొమ్మన్నాడు. ఆయన్నీ తిట్టింది.

బతికాను. లోపల మచ్చ కట్టినంత మేర కట్టింది, అది పోదు. తర్వాత నెలనెలా దవాఖాన వరండాలో నడిపిస్తూ ఊరి ముచ్చట్లు చెప్పించుకునేది. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంటూ వినేది. ముచ్చట్లంటే ఇష్టమనుకున్నాను. ఆయాసానికి నా మాట ఎక్కడ తెగుతుందో వింటోందని చాలా రోజులకు తెలిసింది. నాజిల్ పొడవడానికి సన్న తీగ కూడా ఇచ్చింది. మా ఊళ్ళో నాజిల్ నోట్లో పెట్టినవాణ్ని నేను చెంప మీద కొట్టాను. ఆమె ఓపిక నాకు రాలేదు.

రాష్ట్రం వచ్చింది. నా కళ్ళతో చూశాను. ఆమె పుణ్యమే.

జనగామ పోయాను. సమాధుల దొడ్డి ఎత్తు మీద ఉంది. అందరితో నడవలేక మూడు చోట్ల ఆగాను. నేనింకా సగం దారిలో ఉండగానే పైన పెట్టె గుంతలోకి దించారు. ఆమె బిడ్డ నన్ను చూసి, మట్టి పోసేవాళ్ళకు ఏదో చెప్పింది. ఎవరూ తొందరపెట్టలేదు. నేను ఎక్కేదాకా ఎండలో పారలు పట్టుకుని అట్లనే నిలబడి ఉన్నారు.