రన్‌వే కింద పాతర

1968 ఫిబ్రవరిలో నన్ను శ్రీకాకుళం, విజయనగరం మధ్య ఉన్న ఒక రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన మైదానానికి పంపారు. అప్పుడు నేను సైనిక కట్టడాల విభాగంలో ఓవర్సీరును. ఆమదాలవలసలో రైలు దిగి లారీలో వెళ్లాను. వైమానిక దళపు రవాణా విమానం ఒకటి అక్కడ ప్రయోగాత్మకంగా దిగాల్సి ఉంది. నేల దాని బరువు మోస్తుందని నేను సంతకం పెడితేనే అది బయలుదేరుతుంది.

ఇలాంటి పనిలో మొదట తేల్చుకోవాల్సింది మైదానం చరిత్ర. ఏ దళం ఉండేదో తెలిస్తే దాని విమానాల బరువు తెలుస్తుంది, దాన్ని బట్టి నేల ఎంత మందంగా వేసి ఉంటారో అంచనా కట్టవచ్చు. ఇక్కడ మొదట సముద్రం మీద గస్తీ తిరిగే చిన్న విమానాల దళం ఉండేది. తర్వాత వచ్చిన రవాణా దళం రన్‌వే మీద మరో పొర కాంక్రీటు వేయించింది. చివర విమానం వెనక్కి తిరిగే చోటు మాత్రం గస్తీ దళం నాటి పలుచని పలకలతోనే మిగిలింది. యుద్ధం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. పక్క ఊరి రైతులకు అంతకంటే మంచి కళ్లం ఎక్కడ దొరుకుతుంది?

మా పరీక్ష మోటుదే. రాళ్లు నింపిన లారీని నడిపించి, చక్రాల కింద పగుళ్లు వస్తున్నాయేమో చూస్తాం. రన్‌వే నిక్షేపంలా ఉంది. లారీ చివరనున్న ఆ పలుచని పలకల మీదికి మళ్లబోతుంటే సూరప్పడనే రైతు పరుగున వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. అటు పాములున్నాయన్నాడు. లారీకి పాములంటే భయం లేదన్నాను. అయితే అమ్మవారు తిరిగే చోటన్నాడు. మర్నాడు ఉదయమే విమానం వస్తోంది, నాకు ఒళ్లు మండింది. పోనివ్వమని డ్రైవరుకు చేయి ఊపాను.

అప్పుడు అతని భార్య నరసమ్మ ముందుకొచ్చింది.

“ఏటి మావా, ఇంకా దాస్తావు? మడుసులు సచ్చిపోతారు” అని మొగుణ్ణి కసిరి, నావైపు తిరిగింది. “బాబూ, దాని కింద మా దాన్యం పాతరున్నాది. తవరు లెవీ బాబులనుకున్నాం.”

ఆ రోజుల్లో రైతు పంటలో కొంత వాటాను ప్రభుత్వం తాను కట్టిన ధరకే తీసుకునేది, అదే లెవీ. దానికి భయపడి వీళ్లు అంచు పక్కన తవ్వి, పలక కిందికి గొయ్యి పోనిచ్చి, ధాన్యం పోసి మూసేశారు. పైన కాంక్రీటు ఉంటే వాన నీరు దిగదు. తెలివైన పనే. కానీ ధాన్యం కిందికి సర్దుకుని, పలక అడుగున ఖాళీ ఏర్పడింది. అంచు తవ్వించి అది చూశాక లారీని వెనక్కి తీయించాను.

లెవీ నా పని కాదని, ధాన్యం ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాను. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగితే ఇంకొకాయన తల దించుకుని తన పాతర చూపించాడు. ఊరంతా తట్టలతో కదిలింది. ఆ పలకలు పగలగొట్టించి, రెండు గోతులనూ గ్రావెల్‌తో పొరలు పొరలుగా నింపి, నీళ్లు పోసి దిమ్మిసలతో కొట్టించాం. సాయంత్రం లారీ వాటి మీద తిరిగింది. చక్రం దిగబడలేదు. సంతకం పెట్టాను.

మర్నాడు విమానం దిగి, సరిగ్గా అక్కడే తిరిగి, ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. పైలట్‌గా వచ్చిన ఫ్లైట్ లెఫ్టినెంట్ గ్రావెల్ మచ్చలు చూసి ఏమిటని అడిగితే, మరమ్మతు అన్నాను.

తర్వాత ఎన్నో పాత మైదానాలు కొలిచాను. ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడివాళ్లను పిలిచి, నేనెవరినో, ఏది నా పని కాదో చెప్పేవాణ్ణి. టేపు ఆ తర్వాతే విప్పేవాణ్ణి.